పారిస్ పొలిమేరల్లో ఆర్ట్ గ్యాలరీలు: ఏవి చూడాలి, ఎలా వెళ్ళాలి

పారిస్ వచ్చి మోడరన్ ఆర్ట్ చూడాలనుకునే మనవాళ్ళు ఊరి మధ్యలోనే తిరిగి, క్యూల్లో నిలబడి, అలసిపోయి వెళ్ళిపోతుంటారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇప్పుడు బతికున్న కళాకారులు చేస్తున్న పెద్ద పనుల్ని తీరిగ్గా, ఎవరూ తోయకుండా, కళ్ళారా చూడాలంటే పారిస్ చుట్టూ ఉన్న పెరిఫెరీక్ రింగు రోడ్డు దాటి అవతలికి వెళ్ళాలి. పాంతాన్, రొమాన్‌విల్, ఇవ్రీ, విత్రీ, ల బూర్జే లాంటి చోట్లకి. ఇవన్నీ ఒకప్పుడు ఫ్యాక్టరీలతో నిండిన ఊళ్ళు. టూరిస్టు పుస్తకాల్లో వీటికి ఒక పేరా దక్కితే గొప్ప. పైగా ఊరి మధ్యలో ఉన్న పెద్ద మోడరన్ ఆర్ట్ మ్యూజియం, పాంపిదూ సెంటర్‌ని 2025లో మరమ్మతుల కోసం మూసేశారు, 2030 దాకా తెరవరు. అందుకని ఇప్పుడు ఈ ఊళ్ళకి వెళ్ళడానికి ఇంకో కారణం కూడా దొరికింది.

అసలు గ్యాలరీలు ఊరవతలికి ఎందుకు వెళ్ళాయంటే, చోటు కోసం. మారే పేటలో, సెయిన్ నది ఒడ్డు వీధుల్లో ఉండే గ్యాలరీలు పాత ఇళ్ళల్లో ఉంటాయి. గదులు అందంగానే ఉంటాయి కానీ ఆరేడు మీటర్ల కాన్వాస్ ఆ తలుపులో నుంచి లోపలికే రాదు, వచ్చినా దాన్ని చూడటానికి వెనక్కి నాలుగు అడుగులు వేస్తే వీపు గోడకి తగులుతుంది. కళాకారులేమో గత నలభై ఏళ్ళుగా పెద్దవి, ఇంకా పెద్దవి చేస్తూ వచ్చారు. 2012 అక్టోబరులో ఒకే నెలలో రెండు పెద్ద గ్యాలరీలు, థాడేయుస్ రోపాక్ పాంతాన్‌లో, గగోసియన్ ల బూర్జేలో, శివార్లలో హాళ్ళు తెరిచాయి. రెండూ మొదటి ప్రదర్శనకి ఒకే చిత్రకారుణ్ణి ఎంచుకున్నాయి, ఆన్సెల్మ్ కీఫర్‌ని. సీసం, గడ్డి, బూడిద కలిపి గోడంత చిత్రాలు చేసే మనిషి ఆయన. ఆయన స్టూడియో కూడా పారిస్‌కి తూర్పున క్రువాసీ-బోబూర్ అనే చోట ఉంది, లా సమారితేన్ అనే పెద్ద దుకాణానికి చెందిన పాత గోదాములో. అంటే ఈ పనులు పుట్టేదీ గోదాముల్లోనే, వాటిని నిలబెట్టి చూపించగలిగేదీ అలాంటి చోట్లే. ఈ లెక్క ఒకసారి అర్థమయ్యాక నాకు శివారు గ్యాలరీల ప్రయాణం భారంగా అనిపించడం మానేసింది.

ముందు పాంతాన్ సంగతి. రోపాక్ గ్యాలరీ ఉన్నది పాత బాయిలర్ల ఫ్యాక్టరీలో. షెడ్లన్నీ కలిపి దాదాపు ఐదు వేల చదరపు మీటర్లు. రోడ్డు మీద నుంచి చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. లోపల ఆవరణలోకి వచ్చాకే ఇటుక గోడలు, వరసగా ఏటవాలు కప్పులు కనిపిస్తాయి. హాల్లోకి అడుగు పెడితే మొదట తెలిసేది వెలుగు. కప్పులో ఉన్న గాజు పలకల్లో నుంచి పగటి వెలుగు సమంగా దిగుతుంది, ఎక్కడా ఒక చిత్రం మీద లైటు మచ్చ పడి మెరవదు. మబ్బు పట్టిన రోజు వెళ్ళండి, నిజంగా చెబుతున్నాను. పారిస్ మబ్బుని అందరూ తిడతారు గానీ పెయింటింగ్ చూడటానికి ఆ మెత్తటి బూడిదరంగు వెలుగు కంటే మంచిది లేదు, మందంగా రంగు పూసిన చిత్రంలో కుంచె ఎటు నుంచి ఎటు లాగారో కూడా తెలుస్తుంది. మబ్బు కదిలిన కొద్దీ గదిలో వెలుగు మారుతుంది, దాంతో చిత్రం కూడా మారుతుంది. రోజంతా ఒకే కరెంటు దీపం కింద ఉండే మ్యూజియం గదుల్లో ఇది దొరకదు.

ఇంకోటి, దూరం. ఇక్కడ ఒక పెద్ద చిత్రానికి ఇరవై అడుగుల వెనక నిలబడి చూసి, మెల్లగా నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి రావచ్చు. మధ్యలో ఎవరి సెల్ఫీకీ అడ్డం రాకుండా. పెద్ద చిత్రాలని చూసే పద్ధతే అది. దూరం నుంచి ఒక బొమ్మ, సగం దారిలో ఇంకొకటి, దగ్గరికి వచ్చేసరికి రంగు, ఇసుక, పగుళ్ళు. ఈ మూడూ చూడకపోతే ఆ చిత్రాన్ని ఫోన్లో చూసినట్టే.

మనవాళ్ళు చాలామంది ప్రైవేటు గ్యాలరీ అంటే లోపలికి వెళ్ళడానికి జంకుతారు, కొనేవాళ్ళకే అనుకుంటారు. కాదు. టికెట్టు లేదు, పేరు రాయక్కర్లేదు. కొన్నిచోట్ల గేటు దగ్గర బెల్లు నొక్కాలి, అంతే. "బోన్‌జూర్" అని లోపలికి వెళ్ళిపోండి. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు తలెత్తి ఒక మాట అని మళ్ళీ కంప్యూటర్‌లోకి చూస్తారు. అది పొగరు కాదు, మిమ్మల్ని మీ మానాన వదిలేయడం. అడిగితే ప్రదర్శన గురించి రాసిన కాగితం ఇస్తారు, దాదాపు ఎప్పుడూ ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. గోడల మీద ధరలు ఉండవు. ఆ కాగితంలో పనుల జాబితా, కొలతలు, దేనితో చేశారో రాసి ఉంటుంది. నేను ముందు అంతా ఒకసారి చుట్టి వచ్చి, తరువాత కాగితం చదివి, మళ్ళీ మొదటి నుంచి చూస్తాను. అలా చూస్తే మొదటిసారి దాటేసినవి రెండోసారి పట్టుకుంటాయి. ఒక్క ఇబ్బంది ఏమిటంటే చాలా గ్యాలరీల్లో జనానికి టాయిలెట్టు ఉండదు, కూర్చోవడానికి బల్లలూ తక్కువే, పెద్దవాళ్ళతో వెళ్తే ఇది గుర్తుంచుకోండి.

పాంతాన్‌కి ఆర్‌ఈఆర్ (శివార్లకి వెళ్ళే రైలు) ఇ లైనులో వెళ్ళడం తేలిక, సెయింట్ లజార్, గార్ దు నోర్ స్టేషన్ల వైపు నుంచి ఎక్కితే చప్పున చేరిపోతాం. చూశాక ఊర్క్ కాలువ వైపు దిగండి. అక్కడ మగజాన్ జెనెరో అని 1931లో కట్టిన పెద్ద కాంక్రీటు గోదాములు ఉన్నాయి. చాలా ఏళ్ళు పాడుబడి, అంతస్తులన్నీ గ్రఫిటీతో నిండిపోయి ఉండేవి. 2016 నుంచి ఒక యాడ్ ఏజెన్సీ ఆఫీసు అందులో ఉంది. కింద అప్పుడప్పుడు ప్రదర్శనలు పెడతారు. పనిగట్టుకుని దానికోసమే రావక్కర్లేదు గానీ కాలువ పక్క నడక మాత్రం బాగుంటుంది.

అదే రోజు రొమాన్‌విల్ కూడా పెట్టుకోండి. ఎగ్లీజ్ ద పాంతాన్ స్టేషన్‌లో మెట్రో 5 ఎక్కితే తరువాతి స్టేషనే బొబిన్యీ–పాంతాన్–రేమోన్ కెనో, అక్కడి నుంచి నడక. ఇక్కడ ఒకప్పుడు రూసెల్-యుక్లాఫ్ అనే మందుల కంపెనీ ఉండేది, గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్‌ని తయారుచేసింది ఆ కంపెనీయే. ఆ ఫ్యాక్టరీ స్థలంలోని కొన్ని భవనాలని ఫిమిన్‌కో ఫౌండేషన్ తీసుకుని బాగుచేసింది. 2019 అక్టోబరులో కోమునుమా అనే పేరుతో పారిస్ లోపలి గ్యాలరీలు కొన్ని ఒక్కసారే ఇక్కడికి వచ్చాయి. ఎయిర్ ద పారి, జోస్లాన్ వోల్ఫ్, ఇన్ సితూ, సతోర్ మొదట వచ్చినవాటిలో ఉన్నాయి. మన దేశపు సుబోధ్ గుప్తా, అదే స్టీలు గిన్నెలు, టిఫిన్ క్యారియర్లతో శిల్పాలు చేసే ఆయన, ఫ్రాన్స్‌లో చాలాకాలం చూపించింది ఈ ఇన్ సితూ ద్వారానే. ఏ గ్యాలరీ ఎన్నాళ్ళు ఉంటుందో ఈ వ్యాపారంలో ఎవరూ చెప్పలేరు, కాబట్టి వెళ్ళే ముందు ఏవి నడుస్తున్నాయో చూసుకోండి.

నాకు రొమాన్‌విల్ ఎందుకు నచ్చుతుందంటే ఇక్కడ అమ్మే చోటు, చేసే చోటు, దాచే చోటు మూడూ ఒకే ఆవరణలో ఉంటాయి. ఫౌండేషన్ వాళ్ళు రకరకాల దేశాల కళాకారులకి ఉండటానికి, పని చేసుకోవడానికి చోటు ఇస్తారు, వాళ్ళ వర్క్‌షాపులు పక్కనే. పాత బాయిలర్ హౌస్‌ని పెద్ద ప్రదర్శనశాలగా మార్చారు. అన్నిటికంటే ముఖ్యంగా ఇల్ ద ఫ్రాన్స్ (పారిస్, దాని చుట్టుపక్కల) ప్రాంతపు ఫ్రాక్ గోదాము 2021 నుంచి ఇక్కడ ఉంది. ఫ్రాక్ అంటే 1980లలో ఫ్రాన్స్ ప్రభుత్వం, ప్రాంతీయ ప్రభుత్వాలు కలిసి పెట్టిన నిధి. బతికున్న కళాకారుల పనులు కొనడం, వాటిని రాజధానిలో మూసి పెట్టకుండా స్కూళ్ళకి, చిన్న ఊళ్ళకి తిప్పడం దాని పని. అలాంటి సేకరణని దాచే చోటుకే జనాన్ని రానివ్వడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మ్యూజియంలో మనకి కనిపించేది ఉన్నదాంట్లో పిసరంత, మిగతాదంతా ఎక్కడో చీకట్లో పెట్టెల్లో ఉంటుంది. ఇక్కడ కొన్న పనిని ఎలా చుట్టి పెడతారు, ఒక ఇన్‌స్టలేషన్‌ని విప్పి మళ్ళీ అదే పద్ధతిలో నిలబెట్టడానికి ఎన్ని సూచనలు రాసుకుంటారు, ఇవన్నీ అడిగి తెలుసుకోవచ్చు. ఆర్ట్ చదువుకునే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ముందు ఇక్కడికే తీసుకురండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఈ ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్ళల్లో ఉండేది పనిచేసి బతికే జనం, చాలామంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. శనివారం మధ్యాహ్నం ప్రైవేటు గ్యాలరీ హాల్లో నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది మెట్రో దిగి వచ్చినవాళ్ళే. పక్క వీధి మనిషి లోపలికి రావడం నాకు అరుదుగా కనిపించింది. తలుపు తెరిచే ఉంటుంది, డబ్బు అడగరు, అయినా రారు. ఎందుకంటే గేటు మీద ఉన్న చిన్న అక్షరాలు వాళ్ళని రమ్మని పిలవవు. పాత ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు అందులో పనిచేసినవాళ్ళ ఇళ్ళు అక్కడే ఉన్నాయి కదా, ఆ ఇళ్ళవాళ్ళకి ఈ హాలు ఎవరిదిగా కనిపిస్తుంది అని నేను ప్రతిసారీ అనుకుంటాను. కళ వచ్చిన చోటల్లా అద్దెలు పెరుగుతాయన్న భయం కూడా ఊరికే పుట్టింది కాదు. నేను ఈ చోట్లని మెచ్చుకుంటూనే ఈ మాట అంటున్నాను. మెచ్చుకోదగ్గ చోటుకి పొరుగువాళ్ళు కూడా వస్తే బాగుండునని.

ఆ విషయంలో ఇవ్రీ, విత్రీ వేరే లోకం, నాకు మనసుకి దగ్గరైనవీ అవే. ఇవ్రీలో కమ్యూనిస్టులు 1925 నుంచి, యుద్ధకాలం తీసేస్తే, నగరపాలక సంస్థని నడుపుతున్నారు. పారిస్ చుట్టూ ఉన్న ఇలాంటి ఊళ్ళన్నిటినీ కలిపి ఎర్ర బెల్టు అనేవాళ్ళు. కార్మికుడికి ఇల్లు, ఆస్పత్రి ఎంత అవసరమో నాటకం, బొమ్మ కూడా అంతే అవసరం అని నమ్మి ఆ ఊళ్ళు సొంత డబ్బుతో థియేటర్లు, ఆర్ట్ సెంటర్లు పెట్టుకున్నాయి. ఇవ్రీలోని క్రెదాక్ అనే ఆర్ట్ సెంటర్ అలా 1987లో మొదలైంది. 2011 నుంచి అది మాన్యుఫాక్చూర్ దెజోయే అనే పాత ఫ్యాక్టరీలో ఉంది. బూట్లకి లేసులు దూర్చే రంధ్రాల చుట్టూ వేసే లోహపు రింగులు తయారుచేసిన ఫ్యాక్టరీ అది. 1913లో అమెరికా ఫ్యాక్టరీల పద్ధతిలో కట్టారు, గోడల్లో సగానికి పైగా కిటికీలే. కరెంటు ఖర్చు లేకుండా కార్మికుల చేతుల మీద వెలుగు పడాలని అలా కట్టారు. ఇప్పుడు ఆ వెలుగు శిల్పాల మీద పడుతుంది.

క్రెదాక్‌లో అమ్మకం లేదు, ఇది ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆర్ట్ సెంటర్, ప్రవేశం ఉచితం. తేడా గుమ్మం దగ్గరే తెలుస్తుంది. ఎవరో ఒకరు లేచి వచ్చి పలకరిస్తారు, ఇంతకు ముందు వచ్చారా అని అడుగుతారు, కావాలంటే పక్కనే నడుస్తూ చెబుతారు. పిల్లల కోసం విడిగా కాగితం ఉంటుంది. దాన్ని పెద్దవాళ్ళు కూడా తీసుకోవాలని నా సలహా, ఎందుకంటే పెద్దవాళ్ళ కాగితంలో ఉండే బరువైన వాక్యాలు అందులో ఉండవు, ఈ పని దేనితో చేశారు, నువ్వు దాని చుట్టూ తిరిగితే ఏం జరుగుతుంది అని సూటిగా ఉంటుంది. నిజం చెప్పాలంటే సమకాలీన కళకి సగం శత్రువులు దాని గురించి రాసేవాళ్ళే. అక్కరలేని పెద్ద మాటలు పేర్చి, చూడ్డానికి వచ్చినవాణ్ణి నాకు తెలివి లేదేమో అనుకునేలా చేస్తారు. ఇక్కడ ఆ బెడద తక్కువ.

మా పిన్ని ఊరి నుంచి వచ్చినప్పుడు ఇవ్రీ తీసుకెళ్ళాను. ఆవిడ అంతా ఓపిగ్గా చూసి, బయటికి వచ్చాక "బొమ్మల కన్నా ఆ హాలు బాగుందిరా, మిషన్లు ఎక్కడ ఉండేవో అడుగు" అంది. ఆవిడ అన్నదాంట్లో ఒక పెద్ద విషయం ఉంది. పాత ఫ్యాక్టరీ హాలు అంత గట్టిగా ఉన్నప్పుడు లోపల పెట్టిన పని దానికి సమానంగా నిలబడాలి, లేకపోతే భవనమే గెలుస్తుంది. శివార్లలో నేను చూసిన ప్రదర్శనల్లో తేలిపోయినవన్నీ ఈ విషయంలోనే తేలిపోయాయి: చేతికి అందేంత చిన్న డ్రాయింగులు తెచ్చి పదిహేను మీటర్ల గోడకి తగిలిస్తే అవి గోడకి అంటిన కాగితాల్లా ఉంటాయి. అలాగని ఊరికే పెద్దది చేసినా చాలదు. కొన్నిసార్లు హాలు నింపడానికే పెంచినట్టున్న శిల్పాలు కనిపిస్తాయి, చిన్నగా ఉంటే ఇంకా బాగుండేవి. మంచి ప్రదర్శన అంటే నాకు ఇదీ: కిటికీ ఎక్కడ ఉంది, స్తంభం ఎక్కడ అడ్డం వస్తుంది, నేల ఏ రంగు అన్నది చూసుకుని పనిని అమర్చినది. క్రెదాక్‌లో చాలాసార్లు అది కుదురుతుంది, ఎందుకంటే అక్కడ కళాకారులని ముందే పిలిచి ఆ గదుల కోసమే చేయమంటారు.

వెళ్ళినప్పుడు మెరీ ద ఇవ్రీ మెట్రో (7వ లైను) దగ్గర ఉన్న జాన్ అషెత్ కాంప్లెక్స్ కూడా చూడండి. 1970లలో జాన్ రెనోదీ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఇళ్ళు, దుకాణాలు, నక్షత్రం మూలల్లా పొడుచుకొచ్చిన కాంక్రీటు, ప్రతి ఇంటికీ మట్టి పోసిన మేడ, మొక్కలు. 2011కి ముందు క్రెదాక్ ఈ కాంప్లెక్స్‌లోనే ఉండేది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి కట్టే ఇళ్ళంటే అగ్గిపెట్టెలే అవ్వాలా అని అడిగిన మనిషి రెనోదీ, ఆ మేడల మీద పెరిగిన చెట్లు ఇప్పటికీ చూడ్డానికి బాగుంటాయి.

అక్కడి నుంచి విత్రీ. కాస్త నడిచి టి9 ట్రామ్ ఎక్కితే మాక్ వాల్ మ్యూజియం దగ్గర దింపుతుంది. 2021లో ఈ ట్రామ్ వచ్చాక ప్రయాణం చాలా తేలికైంది. దిగగానే రోడ్డు కూడలిలో దుబుఫే అనే ఫ్రెంచి కళాకారుడి శిల్పం కనిపిస్తుంది: పద్నాలుగు మీటర్ల ఎత్తు, తెలుపు మీద ఎరుపు, నీలం ముక్కలు, నల్లటి గీతలు, పేరు "పొగగొట్టంతో బాయిలర్ గది". ఆయన 1985లో పోయాడు, దీన్ని ఇక్కడ నిలబెట్టింది 1996లో. చుట్టూ బస్సులు, లారీలు తిరుగుతూ ఉంటాయి. ఫ్యాక్టరీల ఊరికి పొగగొట్టాన్నే శిల్పంగా పెట్టడం, దాన్ని గడ్డి పార్కులో కాకుండా ట్రాఫిక్ మధ్యలో పెట్టడం, రెండూ నాకు సరిగ్గా ఉన్నాయనిపిస్తుంది. ఊరివాళ్ళకి అది గుర్తు, అక్కడి నుంచి ఎడమకి తిరగండి అని దారి చెప్పే గుర్తు.

మాక్ వాల్ 2005 నవంబరులో తెరిచారు. విత్రీ ఉన్న వాల్ ద మార్న్ జిల్లా పెట్టుకున్న మ్యూజియం ఇది, 1950ల నుంచి ఫ్రాన్స్‌లో జరిగిన కళకి అంకితం. జాక్ రిపో కట్టిన భవనం అడ్డంగా పరుచుకుని, తెల్లగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. ఇది కొత్తగా కట్టినది కాబట్టి పాత ఫ్యాక్టరీ అందాలు లేవు, కానీ ఆ లోటు తెలియదు, ఎందుకంటే గదుల కొలతలు బాగా కుదిరాయి. టికెట్టు 5 యూరోలు, 26 ఏళ్ళలోపువాళ్ళకి ఉచితం, నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం. నేను చూసిన మ్యూజియంలలో ఇంత శ్రద్ధగా జనం గురించి ఆలోచించినవి తక్కువ. మామూలు రోజుల్లో వెళ్తే బడి పిల్లలు ఒక వీడియో ముందు నేల మీద కూర్చుని, చెప్పేవాళ్ళతో గట్టిగా వాదించడం చూడొచ్చు. ఆదివారం అయితే కుటుంబాలు వస్తాయి, తోపుడు బండిలో పసిపిల్లలు, తాతలు, అందరూ. సేకరణని కొన్నాళ్ళకోసారి కొత్త వరసలో మార్చి పెడతారు, కాబట్టి రెండోసారి వెళ్ళినా వేరే మ్యూజియంలా ఉంటుంది. గ్యాలరీల్లో కనిపించని పొరుగువాళ్ళు ఇక్కడ ఉన్నారు, ఆ తేడా ఊరికే రాలేదు, ఇరవై ఏళ్ళు కూర్చుని చేసిన పని.

ఇక ల బూర్జే. పారిస్‌కి ఉత్తరాన, ప్రైవేటు విమానాలు దిగే విమానాశ్రయం. 1927 మే 21న అమెరికన్ పైలట్ లిండ్‌బర్గ్ ఒంటరిగా విమానంలో అట్లాంటిక్ దాటి దిగింది ఇక్కడే. గగోసియన్ గ్యాలరీ ఉన్నది అక్కడి ఒక పాత హ్యాంగర్‌లో, ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్ దాన్ని మార్చి ఇచ్చాడు, 1,650 చదరపు మీటర్లు. హాలు అద్భుతంగా ఉంటుంది, లారీలంత పనులు పట్టే హాలు. కానీ చుట్టుపక్కల రోడ్లు తప్ప ఏమీ లేవు. ఆ ఒక్క ప్రదర్శన కోసం రానూ పోనూ పూట పోతుంది. అందుకని నా లెక్క ఇది: ఉన్నది మీకు నిజంగా ఇష్టమైన కళాకారుడి పని అయితే తప్పకుండా వెళ్ళండి, లేకపోతే పక్కనే ఉన్న విమానాల మ్యూజియంతో కలిపి పెట్టుకోండి, పిల్లలు కూడా సంతోషిస్తారు. ఆర్‌ఈఆర్ బి లైనులో ల బూర్జే స్టేషన్‌లో దిగి 152 బస్సు ఎక్కాలి.

టికెట్ల దగ్గర ఒక కిటుకు ఉంది. 2025 జనవరి నుంచి మెట్రో, ఆర్‌ఈఆర్‌లకి ప్రాంతమంతా ఒకటే ధర పెట్టారు, మొదలుపెట్టినప్పుడు 2.50 యూరోలు. అంతకు ముందు ఆర్‌ఈఆర్‌లో దూరం పెరిగే కొద్దీ ధర పెరిగేది. శివార్లకి వెళ్ళేవాళ్ళకి ఇది పెద్ద మేలు. కానీ బస్సు, ట్రామ్ టికెట్టు వేరు, అది 2 యూరోలతో మొదలైంది, మెట్రో టికెట్టుతో బస్సు ఎక్కడం కుదరదు. ల బూర్జేకి, విత్రీకి రెండూ కావాలన్నమాట. రెండు మూడు చోట్లు తిరిగే రోజైతే రోజంతా చెల్లే పాసు కొనుక్కోండి, మనశ్శాంతి.

రోజుల విషయం ఇంకా ముఖ్యం. ప్రైవేటు గ్యాలరీలు సాధారణంగా మంగళవారం నుంచి శనివారం దాకా, ఆది, సోమ మూత. ప్రభుత్వ ఆర్ట్ సెంటర్లు, మ్యూజియంలు ఆదివారం తెరుస్తాయి, సోమవారం మూత. క్రెదాక్ మధ్యాహ్నం రెండు దాటాకే. కాబట్టి శనివారం పాంతాన్, రొమాన్‌విల్, ఆదివారం ఇవ్రీ, విత్రీ పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. జూలై చివర నుంచి ఆగస్టు అంతా చాలా చోట్ల తాళాలు, ఆ నెలలో పోవద్దు. ఇంకో చిక్కు, ఒక ప్రదర్శన తీసేసి ఇంకొకటి పెట్టే మధ్యలో రెండు మూడు వారాలు హాలు ఖాళీగా ఉంటుంది. ఒక గ్యాలరీకి నేను తీరా గంట ప్రయాణం చేసి వెళ్తే లోపల నిచ్చెనలు, రంగు డబ్బాలు. వెబ్‌సైట్లో మాత్రం తెరిచి ఉంటుందనే రాశారు. ఊరి మధ్యలో అయితే పక్క గ్యాలరీకి పోవచ్చు, శివారులో పక్క గ్యాలరీ ఉండదు. తారీఖులు చూసుకుని, ఒక ఫోన్ కూడా చేయండి. చలికాలంలో పాత ఫ్యాక్టరీ హాళ్ళు బాగా చల్లగా ఉంటాయి, స్వెట్టర్ తీయకండి. మంచినీళ్ళు మీతో తీసుకెళ్ళండి.

ఒక్కళ్ళే తెలియని చోట్లకి వెళ్ళడం టెన్షన్ అనిపిస్తే ట్రామ్ అనే సంఘం ఉంది. పేరు అదే గానీ రైలు ట్రామ్‌కి సంబంధం లేదు, పారిస్, చుట్టుపక్కల ఆర్ట్ సెంటర్లు కొన్ని కలిసి 1981లో పెట్టుకున్న సంఘం. వాళ్ళు టాక్సీట్రామ్ అని ఒక రోజు తిరుగుడు పెడతారు, గుంపుగా రెండు మూడు చోట్లకి తీసుకెళ్ళి, ప్రతి చోటా ఆ ప్రదర్శన పెట్టినవాళ్ళతోనో, కళాకారుడితోనో మాట్లాడిస్తారు. మాటలు ఫ్రెంచిలో ఉంటాయి. భాష అంతంత మాత్రం వచ్చినా వెళ్ళొచ్చు, పని ఎదురుగా ఉంటుంది కదా, వేలు పెట్టి చూపిస్తూ చెబుతారు. నడిచి తిరిగే రకం కూడా ఉంది, రాండోట్రామ్ అంటారు. పేరు ముందే నమోదు చేసుకోవాలి.

మీ చేతిలో ఒక్క రోజే ఉంటే ఆదివారం ఇవ్రీ, విత్రీ వెళ్ళమంటాను. శనివారమే ఖాళీ అయితే పాంతాన్, రొమాన్‌విల్, ముందు పాంతాన్, ఎందుకంటే చలికాలంలో నాలుగున్నర దాటాక ఆ కప్పుల్లో నుంచి వెలుగు దిగదు.